నిమిషాల జ్వాల, నెలల లెక్క

సూర్యుడి మీద ఓ పెద్ద జ్వాల నిమిషాల్లో భగ్గుమంటుంది. అందుకు కావలసిన శక్తి అంతకుముందే సూర్యమచ్చల చుట్టూ మెలికలు తిరిగిన అయస్కాంత క్షేత్రంలో పేరుకుని ఉంటుంది. ఎదురెదురు దిశల బలరేఖలు ఒకదానిమీదికొకటి నెట్టుకొచ్చి, తెగి, మరో విధంగా అతుక్కున్నప్పుడు ఆ శక్తి వేడిగా, వేగంగా బయటపడుతుంది. దీన్నే అయస్కాంత పునస్సంధానం అంటారు.

పీటర్ స్వీట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడికి తట్టిన ఈ ఆలోచనను 1957లో సమీకరణాల్లోకి తెచ్చినవాడు షికాగో విశ్వవిద్యాలయంలోని యూజీన్ పార్కర్. మరుసటి ఏడాదే ఆయన, సూర్యుడి నుంచి ఎడతెగని గాలి వీస్తోందని రాశారు. ఇద్దరు సమీక్షకులు కొట్టిపారేసిన ఆ పత్రాన్ని, గణితంలో తప్పు కనిపించలేదు గనుక, సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అచ్చువేశారు. 1962లో మారినర్-2 నౌక ఆ గాలిని కొలిచింది.

పేరు మోగిపోతున్న ఆ రోజుల్లోనే, 1963లో, పార్కర్ మళ్లీ జ్వాలల దగ్గరికి వచ్చారు. తన సూత్రంతో లెక్కగడితే పునస్సంధానం మరీ నిదానంగా సాగుతోంది. నిమిషాల పనికి నెలలు పట్టేలా ఉంది. ఈ సూత్రం జ్వాలలకు చాలదని ఆయనే అచ్చులో చెప్పారు. ఆయన రాసినవాటిలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఈ పత్రాన్నే. తర్వాతివారికి ఎక్కడ తవ్వాలో అది చూపించింది. ఎదురెదురు బలరేఖల నడుమ ఏర్పడే పొడవైన పలుచని విద్యుత్ పొర నిలకడగా ఉండలేక సుడులు సుడులుగా ముక్కలవుతుందని, అప్పుడే పునస్సంధానం వేగం పుంజుకుంటుందని ఈ శతాబ్దపు కంప్యూటర్ గణనలు తేల్చాయి.

పునస్సంధానంతో ముడిపడిన మరో చిక్కు ఉంది: సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలైతే పైనున్న వాతావరణం, అంటే కరోనా, పది లక్షల డిగ్రీలు దాటడం ఎలా? కింద కుతకుతలాడే వాయువు బలరేఖల మొదళ్లను అటూఇటూ తిప్పి, పైన వాటిని జడలా అల్లేస్తుందని, ఆ అల్లికలో లెక్కలేనన్ని బుల్లి జ్వాలలు పుడతాయని 1988లో పార్కర్ ప్రతిపాదించారు. దీనిమీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

2018 ఆగస్టు 12న, 91 ఏళ్ల వయసులో, తన పేరు పెట్టిన నౌక సూర్యుడి వైపు బయల్దేరడం ఆయన కళ్లారా చూశారు. 2022 మార్చిలో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరు 5న ఆ నౌక ఓ భారీ సౌర విస్ఫోటనం గుండా దూసుకెళ్లింది. మన శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు అలాంటి విస్ఫోటనాలు కరోనాలో ఎలా మొదలవుతాయో గమనిస్తోంది.