తిక్క ఒకటే... తెగుళ్లు రెండు!

వేరుశనగ ఆకు మీద మచ్చ కనిపిస్తే చాలు... 'తిక్క తెగులు' అనేస్తారు రైతులు. నిజానికి ఆ ఒక్క పేరు వెనక ఉన్నవి రెండు శిలీంద్రాలు. దగ్గరి చుట్టాలే, గుణాలు మాత్రం వేరు!

అమృతలూరు చుట్టుపక్కల నల్లనేలల్లో వరి, మినుములదే రాజ్యం. అదే బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్తే నేల ఇసుకగా మారుతుంది. ఆ ఇసుకలోకి ఊడలు తేలిగ్గా దిగుతాయి కాబట్టి అక్కడ వేరుశనగ వేస్తారు. కాయ ఊరాలంటే ఆకు పచ్చగా నిలవాలి. మచ్చలొచ్చి ఆకులు రాలిపోతే గింజ తాలుబోతుంది. తెగులు ముదిరితే సగం దిగుబడి పోయినా ఆశ్చర్యం లేదు.

మొదటిది ముందస్తు ఆకుమచ్చ. కారణం సెర్కోస్పోరా అరాకిడికోలా. విత్తిన నెల రోజులకే మొదలవుతుంది. మచ్చ ముదురు గోధుమరంగులో, అంచులు వంకరటింకరగా ఉంటుంది. చుట్టూ పసుపు వలయం. సిద్ధబీజాలు ఎక్కువగా ఆకు పైభాగాన పుడతాయి.

రెండోది ఆలస్యపు ఆకుమచ్చ. కారణం నోథోపస్సలోరా పర్సొనాటా. సాధారణంగా ఆరేడు వారాలకు వస్తుంది. మచ్చ చిన్నగా, గుండ్రంగా, నల్లగా ఉంటుంది. సిద్ధబీజాలు ఎక్కువగా ఆకు అడుగున పుడతాయి, అందుకే అక్కడ గరుకుగా తగులుతుంది.

ఇంతకీ గుర్తుపట్టేదెలా? పసుపు వలయాన్ని నమ్ముకుంటే లాభంలేదు. రకాన్నీ వాతావరణాన్నీ బట్టి అది మారుతుంది. పైగా రెండు మచ్చలూ ఒకే ఆకు మీద ఉండొచ్చు. ఆకు తిరగేసి చూడాలి. అడుగున మచ్చ లేత గోధుమరంగులో ఉంటే ముందస్తు, కారునలుపైతే ఆలస్యపు మచ్చ.

శాస్త్రవేత్తలూ చాలాకాలం ఈ రెంటినీ కలగలిపేశారు. అమెరికాలోని జార్జియాకు చెందిన నయోమి వుడ్రూఫ్ 1933లో రెండింటి తేడాలనూ వివరంగా రాశారు.

తేడా తెలిస్తే ఏంటి ఉపయోగం అంటారా? విత్తనం దగ్గరే అసలు సంగతి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తుప్పు, ఆలస్యపు మచ్చలను తట్టుకునే గుణాన్ని సాగు రకాల్లోకి తెచ్చినట్లు ప్రకటించారు. అయితే ఒక మచ్చను తట్టుకునే రకం రెండోదాన్నీ తట్టుకోవాలని లేదు.

రెండింటి ఆయువుపట్టూ మాత్రం ఒకటే. రాలిన ఆకుల్లో, చేలో మిగిలిన కాయలు మొలిచిన మొక్కల్లో అవి తలదాచుకుంటాయి. వాటిని తీసేసి, మరుసటి పంటగా జొన్నో మొక్కజొన్నో వేస్తే రెండూ తగ్గుముఖం పడతాయి. మందు కొట్టాల్సి వస్తే మాత్రం వ్యవసాయాధికారికి తెగులు పేరు చెప్పి ఊరుకోకుండా, మచ్చలున్న ఆకునే తీసుకెళ్లి చూపించడం మేలు.