అటక మీది పటాలం బెల్టు



ఇత్తడి బిందె తళతళలాడాలి, తెల్లపంచె మల్లెపూవులా ఉండాలి. మన ఇళ్ళలో శుభ్రానికి ఇదే కదా కొలత! ఈ కొలత బొత్తిగా పనికిరాని వస్తువొకటి మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కొన్ని ఇళ్ళలో అటక మీదనో, ట్రంకుపెట్టె అడుగుననో పడి ఉంటుంది. తాతగారో, మామగారి తండ్రిగారో పటాలంలో పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఖాకీ బెల్టు, భుజాన వేసుకునే సంచి, నీళ్ళసీసా తగిలించుకునే పట్టీ వగైరా. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఇది బయటపడుతుంది. "అబ్బ, ఎంత మట్టి కొట్టుకుపోయిందో!" అంటూ సబ్బుపొడి నీళ్ళలో నానేసి, బ్రష్షుతో రుద్ది, ఇత్తడి బకిలుకు చింతపండు పట్టించి ఎండలో ఆరేస్తాము. సాయంత్రానికి బెల్టు శుభ్రంగానే ఉంటుంది. కాని దాని మీద ఉన్న కథ మోరీ పాలవుతుంది. అలా కాకుండా ఏం చెయ్యాలో ఇవాళ చెప్పుకుందాం.

ఈ వస్తువులు మన వైపుకు ఎలా వచ్చాయంటారా? గుంతకల్లు నుంచి బెంగుళూరుకు పోయే రైలు దారిలోనే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ వరుసగా ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లు. అక్కడి దండు ప్రాంతం బ్రిటిషువారి కాలంలో దక్షిణాదికంతటికీ పెద్ద సైనిక కేంద్రం. వంతెనలు కట్టే, దారులు వేసే మద్రాసు సాపర్ల దళానికి స్థావరం కూడా బెంగుళూరే. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలై 1945లో ముగిసేసరికి భారత సైన్యం దాదాపు 25 లక్షలకు పెరిగింది. వారంతా తమంతట తాము చేరినవారే. తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. బర్మాకు వెళ్ళినవారు, ఆఫ్రికాకు వెళ్ళినవారు, తిరిగి రానివారు కూడా ఉన్నారు.

ఇక వస్తువు సంగతి. ఇంగ్లీషులో దీన్ని వెబ్బింగ్ అంటారు. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే నవారే. మంచానికి అల్లే నవారును పట్టీ వెడల్పుకే నేస్తారు కదా, ఇదీ అంతే. కాకపోతే మరింత దళసరిగా, బిగువుగా ఉంటుంది. అంతకుముందు సిపాయిల పట్టీలు తోలువి. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్లతో జరిగిన యుద్ధంలో ఆ తోలు సామాను సరిగా పనికిరాలేదు. అందుకని బ్రిటిషు సైన్యం 1908లో నూలు నేత పట్టీలకు మారింది. తరువాత 1937లో వచ్చిన నమూనానే రెండో యుద్ధంలో వాడారు. యుద్ధకాలంలో వాటిని మన దేశంలోనూ తయారుచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1962 చైనా యుద్ధంలో కూడా మన జవాన్ల నడుముకు ఉన్నవి అవే. కాబట్టి మీ ఇంట్లోది తాతగారిదే కానక్కరలేదు, పెదనాన్నగారిదైనా కావచ్చు.

నీళ్ళు ముట్టుకునే ముందు దాన్ని వెలుతురులో తిరగేసి చూడండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. లోపలివైపు నల్లసిరాతో వేసిన ముద్రలుంటాయి. బాణం ములుకు లాంటి గుర్తు ఉంటే అది ప్రభుత్వపు సొత్తని అర్థం. మన దేశంలో తయారైన వాటిపై ఆ బాణంతోపాటు ఇంగ్లీషు 'ఐ' అక్షరం కూడా తరచు కనబడుతుంది. కొన్నింటిపై తయారైన సంవత్సరం ఉంటుంది. వీటికి తోడు చేత్తో రాసిన అంకెలు కనబడితే మాత్రం అక్కడే ఆగండి. అది సిపాయి నంబరు కావచ్చు.

ఆ నంబరుతో ఏం పని అంటారా? చాలా ఇళ్ళలో కాగితాలు చెదలు తిన్నాయి, పింఛను పుస్తకం ఎటు పోయిందో తెలియదు, తాతగారు ఏ దళంలో పనిచేశారో చెప్పేవారు లేరు. మిగిలిన ఆధారం ఆ నాలుగంకెలే. ఏ దళం రికార్డు ఆఫీసుకు రాసినా ముందు కావలసింది నంబరే. యుద్ధంలో పోయినవారి పేర్లను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ భద్రపరిచింది. ఇంటర్నెట్‌లో పేరు, నంబరు ఇచ్చి డబ్బు కట్టకుండానే వెతకవచ్చు. బర్మాలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియని సుమారు 27,000 మంది పేర్లు రంగూను దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద చెక్కి ఉన్నాయి. వారిలో మనవారూ ఉన్నారు. ఒకే పేరు గలవాళ్ళు పదిమంది కనబడితే, మన మనిషి ఎవరో తేల్చేది నంబరే.

అలాగని అంకెలు కనబడగానే అవి తాతగారివేనని తీర్మానించవద్దు. ఒకరు తిరిగి ఇచ్చిన సామానును ఇంకొకరికి ఇవ్వడం సైన్యంలో మామూలే. ఒక నంబరు కొట్టివేసి పక్కన ఇంకొకటి రాసి ఉంటే, ముందటిది పాత మనిషిదన్నమాట. యుద్ధం ముగిశాక మిగులు సరుకును బజారులోనూ అమ్మారు. ఏదైనా ముందు ఒక ఫోటో తీసి, అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ తరువాతే శుభ్రం మాట.

మట్టి పొడిగా ఉన్నప్పుడే మెత్తని కుంచెతో, నేత వెంబడే దులపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బూజు వాసన వస్తుంటే ఇంట్లో కాదు, పెరట్లో దులపాలి. నూటికి తొంభై పాళ్ళు ఈ దులుపుడుతోనే సరిపోతుంది. నన్నడిగితే అక్కడ ఆగిపోవడమే మంచిది.

దులిపినా పట్టీ మీద ఆకుపచ్చగానో, మట్టిరంగుగానో పొడిపొడిగా పూత ఉంటే, అది మురికి కాదమ్మా! దాన్ని బ్లాంకో అంటారు. బిళ్ళలుగా దొరికేది. సిపాయి తడి బ్రష్షుతో దాన్ని పట్టీలకు రుద్ది ఆరబెట్టేవాడు. పండుగొస్తే మనం అరుగుకు జాజు పూస్తామే, అలాగన్నమాట. పెద్దదొర తనిఖీకి వస్తున్నాడంటే రాత్రంతా కూర్చుని పూసేవారట. నీళ్ళు తగిలితే ఆ పూత కరిగి పోతుంది. ఆయన చేత్తో పూసిన పూతను మనం కడిగేస్తే మళ్ళీ తేలేము.

తప్పనిసరిగా ఉతకాలి, ఎలుకల కంపు భరించలేకుండా ఉంది అంటే సరే. తెల్లగుడ్డ తడిపి, ఎక్కడైనా సిరా ఉన్న మూల కాస్త అద్ది చూడండి. సిరా గుడ్డకు అంటితే ఉతకవద్దు. అంటకపోతే కుంకుడురసం పలచగా తీసి, రెండుసార్లు వడకట్టండి. మన బోరు నీళ్ళు గట్టివి కదా, సబ్బు విరిగి తెట్టు కట్టి నేతలో ఇరుక్కుంటుంది. కుంకుడుకు ఆ బాధ లేదు. చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళలో వేస్తే నూలు కుంచించుకుపోయి బెల్టు పిడచకట్టుకుపోతుంది. చాకిరేవు సోడా, బ్లీచింగు, వాషింగ్ మెషిన్ – ఈ మూడింటి దరిదాపులకు పోకండి. పది నిమిషాలకు మించి నాననివ్వవద్దు. చివరి జాలింపు వాననీళ్ళతోనో, ఫిల్టరు నీళ్ళతోనో చేస్తే తెల్లటి ఉప్పు మరకలు పడవు. పిండకుండా, తువ్వాలులో పెట్టి అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి. బకిలు దగ్గర తడి ముందుగా తుడవాలి, లేకపోతే తెల్లారేసరికి చిలుము పడుతుంది.

ఇప్పుడు ఇత్తడి. చింతపండు వ్యాపారానికి పేరుమోసిన హిందూపురంలో ఉంటూ చింతపండు వద్దనడం కష్టమే! దీపపు కుందికి అది దివ్యంగా పనిచేస్తుంది, కాదనను. కాని బకిలు కింద నూలు ఉంది. చింతపండు పులుపు నూలులో ఇంకితే దారం బలం తగ్గుతుంది. రంగుకూ దెబ్బే. ఖాకీ అంటే దుమ్ము రంగని అర్థం. ఆ రంగును తరచు ఇనుము, క్రోమియం లవణాలతో నూలులోనే ఎక్కిస్తారు. అంటే అందులో ఉన్నది ఒకరకం తుప్పే. అందుకే తుప్పుమరకకు నిమ్మరసం, ఉప్పు రాస్తే మరకతోపాటు ఖాకీ కూడా పోయి, అక్కడ పాలిపోయిన మచ్చ మిగులుతుంది. తుప్పుమరక ఉంటే ఉండనివ్వండి.

చిలుమును చీపురుపుల్ల కొసతో పొడిగానే గీకండి. మెరుగు పెట్టాలనిపిస్తే పాత పోస్టుకార్డుకు గాటు పెట్టి, బకిలు కిందికి దూర్చి, మెటల్ పాలిష్‌ను గుడ్డ కొసకు పిసరంత తీసుకుని తుడవండి. ఈ ఉపాయం నాది కాదు. సిపాయిలే గుండీలు తోమేటప్పుడు బట్టకు అంటకుండా గాటున్న ఇత్తడి రేకొకటి కిందికి దూర్చేవారు. బూడిద, ఇటుకపొడి వద్దు, గీతలు పడతాయి. బకిలు మీద నల్లరంగు ఉంటే అది మసి అనుకుని తోమకండి. కొన్నిటికి అలా రంగు వేసేవారు.

కుట్లు ఊడితే పాత కన్నాల్లోంచే నూలుదారంతో కుట్టండి. నైలాన్ దారం గట్టిది, పాత నూలును కోసేస్తుంది. సంచికి చిరుగు ఉంటే రఫూ చేయించవద్దు, వెనక నుంచి పలచని నూలుగుడ్డ ఆనించి నాలుగు కుట్లు వేస్తే చాలు. అమ్ముదామనుకునేవారికి ఒక మాట. ఇలాంటివి కొనేవారు తోమినదానికంటే తోమనిదానికే ఎక్కువ ఇస్తారు.

దాచడం ధర్మవరం ఆడవాళ్ళకు చెప్పాలా! పట్టుచీరను ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే జరీ విరుగుతుందని ఎప్పటికప్పుడు మడత మారుస్తాము. బెల్టును అసలు మడవకండి, వదులుగా చుట్ట చుట్టండి. గంజి పెట్టవద్దు, గంజికి వెండిరంగు పురుగు చేరుతుంది. పాలిథిన్ సంచి, పాత పేపరు పనికిరావు. ఉతికిన పాతపంచె ముక్కలో చుట్టి, కలరా ఉండలు బట్టకు తగలకుండా విడిగా పొట్లం కట్టి పెట్టెలో ఉంచండి. ఏడాదికి రెండుసార్లు తీసి గాలి ఆడనివ్వండి. పైన ఒక చీటీ పెట్టండి: ఇది ఎవరిది, లోపల ఏ అంకెలున్నాయి, ఏ ఊరి నుంచి వెళ్ళారు, ఈ సంగతి ఇంట్లో ఎవరు చెప్పారు. చీటీ పెన్సిలుతో రాయండి, సిరా అయితే పంచెకు అంటుతుంది.