క్రొత్త శ్లాబు కురిసినప్పుడు

బాపట్ల జిల్లాలోని కారంచేడు పరిసర గ్రామములలో నైరుతి ఋతుపవనముల వానలు వెలిసిన పిమ్మట ఈశాన్య ఋతుపవనముల వానలు, వానితోపాటు తుపానులు వచ్చుచుండును. 2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. పూరిల్లు కురిసినచో యజమాని తాటాకు మార్చుకొనును. క్రొత్త శ్లాబు కురిసినచో కంట్రాక్టరు తప్పును వానపై నెట్టును. ఇంటివారు పంచాయతీ సభ్యుని గడప త్రొక్కుదురు. అప్పుడు సభ్యుడు ఇవ్వదగిన సలహాను ఇచ్చట వివరింతుము.

శ్లాబుపై నూరు అంగుళములకు ఒక అంగుళమైనను వాలు ఉండవలెను. వాలు చాలకున్నను, నీరు పోవు గొట్టమును ఎత్తుగా అమర్చినను నీరు నిలుచును. కాంక్రీటును మామూలు సిమెంటైనచో కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటైనచో 10 దినములు తడి ఆరకుండ ఉంచవలెనని భారత ప్రమాణము ఐ.ఎస్. 456 చెప్పుచున్నది. ఇది తప్పినచో పగుళ్లు పుట్టును. వానిగుండా నీరు చేరి లోపలి చువ్వలు త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు ఉబ్బి పెచ్చులుగా రాలును. లోపల సున్నము పూసినచో మరక మాత్రమే మరుగుపడును, అపాయము తొలగదు.

నీరు కారినంతనే మెయిన్ స్విచ్చి ఆపవలెను. బోర్డే తడిసినచో దానిని ముట్టక విద్యుత్ సిబ్బందిని పిలువవలెను. ఉబ్బిన కప్పుక్రింద ఎవరును పరుండరాదు. ధాన్యపు బస్తాలను, దస్తావేజులను పొడిచోటికి చేర్చవలెను. మరమ్మతునకు పూర్వమే పగుళ్లకు, తడిసిన వస్తువులకు తేదీతో ఫోటోలు తీయించి, జాబితా వ్రాయవలెను. పిమ్మట శ్లాబుపై టార్పాలిను కప్పవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 73వ సెక్షను ప్రకారము పరిహారము నిర్ణయించునపుడు, నష్టమును తగ్గించుకొనుటకు గల అవకాశములను కూడ చూతురు. కావున చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు.

సభ్యుడు న్యాయాధిపతి కాడు. లోపము పనిలోనిదా, తుపానుదా అనునది ఇంజనీరు పరీక్షించి వ్రాతమూలకముగ తెలుపవలెను. ఆ నివేదిక జతపరచి, గడువు పెట్టి, రశీదు లభించు తపాలాలో కంట్రాక్టరునకు నోటీసు పంపవలెను. అతడు వచ్చి బాగుచేసినచో వివాదము అంతటితో ముగియును. లేనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముక్రింద జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. సాధారణముగా వివాదకారణము ఏర్పడిన 2 సంవత్సరములలోగా దాఖలు చేయవలెను. చెల్లించిన పైకము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. గృహనిర్మాణములోని లోపము సేవాలోపమేనని లక్నో డెవలప్‌మెంటు అథారిటీ వ్యాజ్యములో 1993లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది.

అయినను కమిషను తలుపు తట్టువారి చేతిలో కాగితము ఉండవలెను. నోటిమాటపై పని అప్పగించి, శ్లాబు పోసిన నాడే పైకమంతయు ముట్టజెప్పినవారికి రుజువు చూపుట కష్టము. వాలు, సిమెంటు రకము, తడిపెట్టు దినములు, మరమ్మతు పూచీ ఒప్పందములో వ్రాయించుకొనవలెననియు, కొంత పైకము ఒక వానకాలము గడచువరకు నిలుపుకొనవలెననియు సభ్యులు గ్రామసభలో బోధింపవలెనని మా మనవి. పునాది త్రవ్వకముందు వ్రాసికొన్న ఒక్క కాగితము పేదవాని కూడబెట్టిన సొమ్మును కాపాడగలదు.