బొగ్గు కోసం వచ్చిన రైలు: డోర్నకల్ జంక్షన్ చరిత్ర



డోర్నకల్ పేరు వినగానే మన సంఘాలవారికి అధ్యక్ష మండలం, పెద్ద గుడి జ్ఞాపకం వస్తాయి. అయితే ఆ గుడికంటే ముందు అక్కడికి వచ్చింది రైలు. ఆ రైలు కూడా మనుషుల కోసం కాదు, బొగ్గు కోసం వచ్చింది.

1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. ఉండి ఏమి లాభం? ఎడ్లబండ్ల మీద ఎంత బొగ్గు తోలగలరు? 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వచ్చిన నిజాం రైలు 1886లో వరంగల్ చేరింది. అక్కడి నుండి డోర్నకల్ మీదుగా 1888లో ఇల్లందు గనులకు, 1889లో బెజవాడకు దారి పడింది. గనుల దారి పెద్ద లైనులో కలిసే చోటు గనుక డోర్నకల్ జంక్షన్ అయింది. నేటికీ కారేపల్లి మీదుగా కొత్తగూడెం, మణుగూరు వెళ్లే రైళ్లు ఇక్కడే దారి మళ్లుతాయి.

బొగ్గు కోసం వేసిన పట్టాలు మనుషులను కూడా కలిపాయి. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించి, తెలుగు ప్రాంతమైన డోర్నకల్‌కు సేవకులను పంపారు. 1909లో వి.ఎస్. అజరయ్య గారు ఇక్కడికి వచ్చారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. రైలు స్టేషను వరకే గదా! పల్లెలకు మాత్రం ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద వెళ్లేవారు. గుమ్మటాలు, మినార్లు, మన దేశపు స్తంభాలు కలిపి కట్టిన గుడి 1939లో ప్రతిష్ఠింపబడింది.

నిజాం రైల్వే 1951లో కేంద్ర ప్రభుత్వ రైల్వేలలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడగా డోర్నకల్ దాని క్రిందికి వచ్చింది.

పల్లెవాసికి స్టేషను అంటే రైలు కనిపించడం కాదు, రైలు ఆగడం. కాలేజీకి వెళ్లే పిల్లవానికి, పెద్దాసుపత్రికి పోయే గర్భిణికి, కూరగాయల గంప ఎత్తుకొని సంతకు పోయే అమ్మకు ఆ రెండు నిమిషాలే ఆధారం. 2020 మార్చిలో కరోనా వలన ప్రయాణికుల రైళ్లన్నీ నిలిచిపోయాయి. మరల నడిచినప్పుడు చాలా చిన్న స్టేషన్లలో పాత రైళ్లు కొన్ని ఆగలేదు.

ఒక స్టేషనులో రైలు ఆపాలా వద్దా అని ఆలోచించేటప్పుడు అధికారులు అక్కడ అమ్ముడైన టిక్కెట్లను కూడా చూస్తారు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాడు పది రూపాయలు మిగుల్చుకున్నాననుకుంటాడు గాని, తన ఊరివారి లెక్కలో ఒకరిని తగ్గిస్తున్నాడు. కాబట్టి మీ ఊరి స్టేషను ఎంత చిన్నదైనా టిక్కెట్టు కొని ఎక్కండి. ప్లాట్‌ఫారం శుభ్రంగా ఉంచండి. రైలు ఆగవలసి ఉంటే ఊరంతా కలిసి అర్జీ పెట్టండి. నాడు బొగ్గు కోసం వచ్చిన రైలును రేపు మన పిల్లల కోసం ఆపవలసినది మనమే.