తొందరలో ఇల్లు – తనిఖీ మరవొద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు ఇల్లు కొని చూడు అని కూడా అనాలేమో! ముసఫ్ఫా షాబియాలలో అద్దెకుంటూ, హైదరాబాదులో సొంత ఫ్లాటు కోసం పైసా పైసా కూడబెట్టే కుటుంబాలు మనలో ఎన్నో. ఫ్లాటు నచ్చిందనగానే "ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఈరోజే టోకెన్ పంపండి" అంటారు. ఆ కంగారులో మనం వదిలేసేది తనిఖీ.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 2021 ప్రాంతంలో అమెరికాలో పోటీకి భయపడి చాలామంది తనిఖీ లేకుండానే ఇళ్ళు కొన్నారు. తనిఖీ వదులుకోవాలని అమ్మకందారు షరతు పెట్టకుండా మసాచుసెట్స్ రాష్ట్రం 2025లో నిబంధన తెచ్చింది.

కాగితాల తనిఖీ: ఈసీ, లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లాయరుకు చూపించండి. స్థలం నిషేధిత జాబితాలో గానీ, చెరువు ఎఫ్.టి.ఎల్. పరిధిలో గానీ ఉందేమో కనుక్కోండి. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు అందరం టీవీల్లో చూశాం.

కట్టడం తనిఖీ: అమ్మేవారి మనిషిని కాక, మీరే ఒక ఇంజనీరును పెట్టుకోండి. బాత్రూముల కింద సీలింగుకు చెమ్మ ఉందా? టైలును నాణెంతో తడితే డొల్ల శబ్దం వస్తోందా? బకెట్ నీళ్ళు పోస్తే తూము వైపు పోతున్నాయా? ప్లగ్గులకు ఎర్తింగ్ ఉందా? వీలైతే వర్షాకాలంలో చూడడం మేలు.

కొత్త ప్రాజెక్టయితే: రెరా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇల్లు అప్పగించాక 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. పాత ఫ్లాటుకు ఈ రక్షణ సాధారణంగా ఉండదు కాబట్టి తనిఖీయే దిక్కు.

మరి పోటీ సంగతి? లాయరును, ఇంజనీరును ముందే మాట్లాడి ఉంచుకుంటే తనిఖీ త్వరగా ముగుస్తుంది. లోపం తేలితే టోకెన్ వాపసు ఇస్తామని రాయించుకోండి. అందాకా కొనుగోలుకు పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికీ ఇవ్వకండి. రాసివ్వడానికి ఒప్పుకోకపోతే ఆ ఫ్లాటు పోనివ్వండి. ఇల్లు ఇంకొకటి దొరుకుతుంది, ఎడారి ఎండలో సంపాదించిన సొమ్ము మళ్ళీ రాదు.

పిల్లలూ! ఈ సెలవుల్లో అమ్మమ్మగారింట్లో బాత్రూము నేలమీద ఒక గోలీ వదిలి చూడండి. అది తూము వైపు దొర్లితే మేస్త్రీ పని బాగా చేసినట్టే!