విలియమ్సన్ వాల్వు యాంప్లిఫయర్

1947లో బ్రిటిష్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’ డి.టి.ఎన్. విలియమ్సన్ రూపొందించిన యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను ప్రచురించింది. 15 వాట్ల దగ్గర కూడా డిస్టార్షన్ 0.1 శాతం లోపే. ఆ రోజుల్లో అది ఔరా అనిపించే అంకె.

కిటుకు రెండు కె.టి.66 వాల్వుల్లో కన్నా ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఎక్కువ ఉంది. స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి, మొదటి వాల్వు దగ్గర అసలు సిగ్నల్‌తో పోల్చి తేడాను సరిదిద్దడం ఆయన పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఆ వలయంలోదే. దాని చుట్లు నాసిగా ఉంటే దిద్దుబాటు ఆలస్యమై, యాంప్లిఫయర్ తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. అందుకే ప్రైమరీ, సెకండరీ చుట్లను విడగొట్టి, ఒకదాని మధ్య మరొకటి వచ్చేలా పొరలుగా చుట్టాలన్నారు. ఖర్చు, చాకిరీ రెండూ ఇక్కడే.

అయినా సంగీతప్రియులు వెనకాడలేదు. సోల్డరింగ్ ఐరన్ పట్టి ఇళ్లలోనే తయారుచేసుకున్నారు. తర్వాత క్వాడ్ సంస్థాపకుడు పీటర్ వాకర్‌తో కలిసి క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ రూపకల్పనలోనూ విలియమ్సన్ పాలుపంచుకున్నారు.