రెండు వేల గోళీలు.. ఒక పాట

హ్యాండిల్ తిప్పుతుంటే ఉక్కు గోళీలు బారులు తీరి పైకెక్కుతాయి. పైనుంచి ఒక్కొక్కటిగా జారి లోహపు పలకలపై, గిటార్ తీగలపై పడతాయి. పడిన ప్రతిచోటా ఒక స్వరం పుడుతుంది. స్వీడన్‌కు చెందిన సంగీత కళాకారుడు మార్టిన్ మోలిన్ నిర్మించిన ‘మార్బుల్ మెషీన్’ చేసే పని ఇదే. ఆయన ‘వింటర్‌గాటన్’ సంగీత బృందం సభ్యుడు. 2016 మార్చిలో ఇంటర్నెట్‌లో ఉంచిన ఈ యంత్రం వీడియోను పది కోట్ల సార్లకు పైగా వీక్షించారు. సైన్స్ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒకసారి చూపిస్తే బాగుంటుందనిపించే దృశ్యం అది.

ఇది ఏ కర్మాగారంలోనూ తయారైనది కాదు. ప్లైవుడ్ కోసి, పళ్లచక్రాలు చెక్కి, ఒక్కో భాగం అమర్చుకుంటూ పోయారు. అందుకు దాదాపు 14 నెలలు పట్టింది. ఇందులో సుమారు 2 వేల గోళీలు తిరుగుతుంటాయి. విద్యుత్ మోటారు లేదు. మనిషి చేయే దీనికి ఇంజిన్.

పని చేసేది ఇలా..

ఏతం తొక్కి నీరు తోడిన పెద్దలకు ఇందులోని సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. బరువును పైకెత్తడానికి చేసిన శ్రమ ఎక్కడికీ పోదు, ఆ ఎత్తులోనే దాగి ఉంటుంది. హ్యాండిల్ తిప్పిన శక్తితో పైకి చేరిన గోళీ, కిందికి పడేటప్పుడు ఆ శక్తినే దెబ్బ రూపంలో తిరిగి ఇస్తుంది. కింద పడిన గోళీలు మళ్లీ పైకెక్కే దారి పడతాయి.

ఏ గోళీ ఎప్పుడు రాలాలో నిర్ణయించేది ఒక పెద్ద చక్రం. దాని చుట్టూ పిల్లలు ఆడుకునే లెగో ముక్కలను మేకుల్లా బిగించారు. చక్రం తిరిగేకొద్దీ ఆ ముక్కలు గోళీల ద్వారాలను తెరుస్తాయి. తెరిచిన ప్రతిసారీ ఒక గోళీ జారుతుంది. ముక్కల స్థానం మారిస్తే పాట మారుతుంది. కీ ఇస్తే పాడే మ్యూజిక్ బాక్సులోనూ ఇదే పద్ధతి ఉంది. అయితే అక్కడ మేకు నేరుగా స్వరాన్ని మీటుతుంది, ఇక్కడ మధ్యలో గోళీ ప్రయాణం ఉంది. అసలు చిక్కు అక్కడే.

30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారిన గోళీ కింద తగలడానికి సుమారు పావు సెకను పడుతుంది. పది సెంటీమీటర్లయితే 0.14 సెకను చాలు. అంటే ఒకే క్షణంలో వదిలిన రెండు గోళీలు వేర్వేరు ఎత్తుల నుంచి పడితే ఒకేసారి మోగవు. గోళీ బరువైనదా, తేలికైనదా అన్నదానితో దీనికి దాదాపు సంబంధం లేదు. ఎత్తులు సమానంగా ఉంటే ఆలస్యమూ సమానమే కనుక తాళం చెడదు. తేడా ఉన్నచోట ఆ మేరకు ముందుగా వదలాలి. సెకనులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా శ్రద్ధగా వినే చెవి పట్టేస్తుంది. పైగా హ్యాండిల్ తిప్పే వేగంలో హెచ్చుతగ్గులుంటే పాట మొత్తం ఊగిసలాడుతుంది. భజన బృందంలో తాళం వేసిన ఎవరికైనా ఈ బాధ అర్థమవుతుంది.

తాళం ఒక్కటే కాదు, దెబ్బ కొట్టిన గోళీ ఎటు ఎగురుతుందో కూడా చూసుకోవాలి. దారితప్పిన గోళీలు నేలపాలవుతుండేవి. వీడియోలో చక్కగా పాడినా, ఊరూరా తిప్పి జనం ముందు ప్రదర్శించేంత నమ్మకం ఈ యంత్రంపై కలగలేదు. కొంతకాలం దీన్ని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో, తమంతట తాము మోగే వాద్యాలకు పేరొందిన స్పీల్‌క్లాక్ మ్యూజియంలో ఉంచారు.

ఆ లోపాలను సరిచేసి ప్రపంచయాత్ర చేయాలన్న పట్టుదలతో మోలిన్ ‘మార్బుల్ మెషీన్ ఎక్స్’ మొదలుపెట్టారు. నిర్మాణంలోని కష్టనష్టాలను వీడియోలలో దాచకుండా చూపుతూ వచ్చారు. ఏళ్ల శ్రమ తర్వాత, అది యాత్రకు పనికివచ్చేంత నమ్మదగిన యంత్రం కాబోదని గ్రహించి 2021లో పక్కన పెట్టారు. అంత దూరం వచ్చాక ఆపడం కట్టడం కన్నా కష్టమని ఈ విలేకరి అభిప్రాయం. అనంతరం ఆయన మూడో యంత్రానికి కొత్త నమూనాలు గీయడం ఆరంభించారు. ఈసారి చెక్క కోయడానికి ముందు ఆయన తేల్చుకోదలచినది ఒక్కటే: ప్రతి గోళీ ప్రతిసారీ అదే క్షణంలో పడుతుందా, లేదా?